ఇంటిదారిలో బంగారు తోరణం

రావణ వధ ముగిసింది. సీతా లక్ష్మణ సమేతుడై శ్రీరామచంద్రుడు పుష్పక విమానంలో అయోధ్యకు మరలి వస్తున్నాడు. పాపఘ్ని నది రెండు కొండలను చీల్చుకుని పారే చోట తపస్సు చేసుకుంటున్న వాయుదేవుడు ఆ వార్త విని ఆనందపరవశుడయ్యాడు. ఈ కొండ కొమ్ము నుంచి ఆ కొండ కొమ్ము వరకూ బంగారు తోరణం కట్టి స్వామికి స్వాగతం పలికాడు. కడప జిల్లా వేంపల్లె సమీపంలోని గండి క్షేత్రానికి సంబంధించిన స్థలపురాణమిది. సీతాన్వేషణ వేళ వాయుదేవుడు ఆతిథ్యానికి ఆహ్వానించగా, తిరుగు ప్రయాణంలో వస్తానని రాముడు మాట ఇచ్చాడట. పద్నాలుగేళ్ళ తరువాత ఇల్లు చేరే తొందరలో ఉండి కూడా ఆ మాట తప్పలేదు. అక్కడ విశ్రమించిన సమయంలో బాణపు మొనతో బండపై ఆంజనేయుని రూపాన్ని గీశాడనీ, ఎడమచేతి చిటికెనవేలు ఒక్కటి మిగిలి ఉండగానే బయలుదేరవలసి వచ్చిందనీ చెబుతారు. తరువాతి కాలంలో శిల్పులు ఆ వేలిని మలచబోతే రక్తం స్రవించిందట. అందుకే గండి వీరాంజనేయస్వామికి ఆ వేలు లేదు.

వాయుదేవుడు కట్టిన ఆ తోరణం నేటికీ అక్కడే ఉందని భక్తుల విశ్వాసం. అయితే అది అందరి కంటికీ ఆనదు. పుణ్యాత్ములకు, వారిలోనూ అవసానకాలం సమీపించిన వారికి మాత్రమే దర్శనమిస్తుంది. దానిని చూసినవాడిగా ఈ ప్రాంతం తరతరాలుగా చెప్పుకుంటున్నది ఏ యోగినో, ఏ పీఠాధిపతినో అనుకుంటే పొరపాటు. ఆయన స్కాట్లాండు దేశంలోని గ్లాస్గో నగరంలో 1761లో పుట్టిన సర్ థామస్ మన్రో. సీమ ప్రజల నోట మన్రో దొర.

దత్త మండలాల దొర

పదునెనిమిదేళ్ళ ప్రాయంలో, 1780లో, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చిన్న ఉద్యోగిగా మద్రాసులో దిగిన మన్రో, రెండు దశాబ్దాల తరువాత అనంతపురం వచ్చాడు. 1800లో నిజాము బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను కంపెనీకి అప్పగించాడు. వాటికే దత్త మండలాలని పేరు. రాయలసీమ అన్న గౌరవమైన నామధేయం 1928లో నంద్యాల సభలో గాని రాలేదు. ఆ విశాల భూభాగానికి ప్రధాన కలెక్టరుగా మన్రో 1807 వరకూ పనిచేశాడు.

అనంతపురం పీఠభూమి సంగతి పాఠకులకు తెలియనిది కాదు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య ఋతుపవనం సముద్రతీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి అలసిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడిన ఏడాది. అటువంటి నేలమీద నాడు ఎనభైమంది వరకూ పాలెగాళ్ళు, వారి బంట్లు. రైతుకు దేవుడే దిక్కు. మన్రో గ్రామగ్రామం తిరిగాడు. ఏడాదిలో అధిక భాగం గుడారాలలోనే గడిపాడు. చెట్టు కింద కూర్చుని రైతుల మొర విన్నాడు. పొలాలను కొలిపించి, మధ్యవర్తి లేకుండా రైతు పేరిటే శిస్తు నిర్ణయించే రైత్వారీ పద్ధతిని నెలకొల్పాడు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఆయన వచ్చింది కంపెనీ ఖజానా నింపడానికే. పాలెగాళ్ళను అణచిన తీరు కఠినమైనది. తొలుత కట్టిన శిస్తు పంటలో దాదాపు సగానికి సమీపంగా ఉండేది. కానీ ఆ భారం ఈ నేల మోయలేదని గ్రహించి, 1807లో జిల్లాను విడిచి వెళ్ళేముందు శిస్తును నూటికి ఇరవై అయిదు వంతులు తగ్గించాలనీ, బావులు, చెరువుల కింద సాగయ్యే భూములకు మరో ఎనిమిది వంతులు తగ్గించాలనీ పై అధికారులకు తానే రాశాడు. వారు నాడు అంగీకరించలేదు. 1820లో మద్రాసు గవర్నరుగా తిరిగివచ్చిన తరువాతనే తన మాట చెల్లించుకోగలిగాడు. వసూలు చేసే చేయే తగ్గించమని అర్జీ పెట్టడం కరువుసీమ మరచిపోలేకపోయింది. ఆయనను మాండవ ఋషి అన్నారు. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు.

బృందావనం ముందు సంభాషణ

మన్రో పేరు భక్తజనంలో నిలిచింది మరో ఘట్టం వల్ల. తుంగభద్రా తీరాన మంచాల గ్రామంలో, అంటే నేటి మంత్రాలయంలో, శ్రీ రాఘవేంద్రస్వామి 1671 శ్రావణ బహుళ విదియనాడు సజీవంగా బృందావన ప్రవేశం చేశారు. ఆ తరువాత నూటముప్పై ఏళ్ళకు, దత్త మండలాలలోని మాన్యాలను పరిశీలించే పనిలో భాగంగా మఠం భూముల విషయం మన్రో ముందుకు వచ్చింది. స్వయంగా విచారించాలని ఆయన మంత్రాలయం వెళ్ళాడు. గుమ్మం వద్ద టోపీ, పాదరక్షలు తీసి లోపల అడుగుపెట్టాడు.

బృందావనం ఎదుట నిలిచిన దొర ఎవరితోనో మాట్లాడసాగాడు. ప్రశ్నలు అడిగాడు, జవాబులు శ్రద్ధగా విన్నాడు, తలపంకించాడు. వెంట వచ్చిన ఉద్యోగులకు ఎదుటివారు కానరాలేదు, దొర మాటలే వినిపించాయి. సంభాషణ ముగిశాక ఆయన మంత్రాక్షతలు స్వీకరించి వెలుపలికి వచ్చాడు. కాషాయం ధరించిన తేజోమూర్తి తనతో మాట్లాడి, మాన్యం సంగతులన్నీ విడమరచి చెప్పారని తెలిపి, భూములు మఠానికే చెందాలని ఉత్తరువు చేశాడు. ఈ వృత్తాంతం మద్రాసు ప్రభుత్వ గెజిటులో నమోదై ఉందని భక్తులు చెబుతారు.

మంత్రాలయంలో నిత్యం స్వామిని సేవించే అర్చకులకు దక్కని దర్శనం, ముందూ వెనుకా ఎరుగని పరదేశికి దక్కడమేమిటని ఎవరైనా అడగవచ్చు. పెద్దలు దీనికి రెండు విధాల సమాధానం చెబుతారు. పూర్వజన్మ సుకృతమని కొందరు. మరికొందరు చెప్పేది ఈ వ్యాసకర్తకు ఎక్కువ నచ్చుతుంది. ఆ రోజు గుడికి వచ్చిన వారిలో వినడానికి వచ్చినవాడు ఆయన ఒక్కడేనట. తిరుమలలో స్వామివారి నైవేద్యానికి వాడే పెద్ద పాత్రకు మన్రో గంగాళమని పేరు ఉండటం కూడా ఈ దొర భక్తికే గుర్తుగా చెబుతారు.

ఆఖరి మజిలీలు

1826 నాటికి మన్రోకు స్వదేశం మీద ధ్యాస మళ్ళింది. అనారోగ్యంతో ఉన్న చిన్న పిల్లవాడిని తీసుకుని భార్య ఆ ఏడాదే ఓడ ఎక్కింది. తానూ పదవి నుంచి తప్పుకుంటానని రాసి, తన స్థానంలో రావలసిన వారికోసం ఎదురుచూస్తున్నాడు. నలభై ఏడేళ్ళ క్రితం వచ్చిన దేశాన్ని విడిచి ఇంటికి పోయేముందు, యౌవనంలో గుడారాలు వేసుకుని తిరిగిన సీమను ఒకసారి చూసుకోవాలనిపించింది. 1827 మే నెలాఖరులో మద్రాసు నుంచి బయలుదేరాడు.

గండిలో తోరణం కనిపించిన ఉదంతాన్ని జనం ఈ ఆఖరి ప్రయాణంతోనే ముడిపెట్టి చెప్పుకుంటారు. కనుమలో ప్రయాణిస్తున్న దొర తలెత్తి చూసి, అంత ఎత్తున ఆ బంగారు తోరణం ఎవరు కట్టారని అడిగాడు. వెంట ఉన్నవారు పైకి చూశారు. రెండు కొండలు, నడుమ ఆకాశం, అంతే. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. స్థలపురాణం ఎరిగిన ఒక వృద్ధుడు మాత్రం తలవంచుకుని నిలబడ్డాడు. దాని అర్థమేమిటో దొరకు చెప్పాలా వద్దా? చెబితే మరణవార్త చెప్పినట్లు. చెప్పకపోతే, మహాత్ములకు గాని దక్కని భాగ్యం తనకు దక్కిందని ఆయనకు తెలియకుండా పోతుంది. చివరకు ఆ వృద్ధుడు ఉన్నది ఉన్నట్లు చెప్పాడని ఒక కథనం. దొర వెళ్ళిపోయాక సేవకులు తమలో తాము చెప్పుకుని కంటతడి పెట్టారని ఇంకొకటి. గవర్నరు హోదాలో ఉన్నవాడికి ఆ మాట ఎదురుగా చెప్పగలిగిన పల్లెటూరి మనిషి పేరు ఏ కథలోనూ లేదు.

జూలై 4న మన్రో గుత్తి చేరాడు. అప్పటికే పరివారంలో కలరా ప్రవేశించింది. 6వ తేదీన పత్తికొండలో విడిది చేసిన రోజునే ఆయనకూ సోకింది. ఆ రాత్రే కన్నుమూశాడు. వయస్సు 66. మరునాడు భౌతికకాయాన్ని గుత్తికి తీసుకువచ్చి, కొండకోట నీడన ఖననం చేశారు. 1831లో అస్థికలను మద్రాసులోని సెయింట్ జార్జి కోట చర్చికి తరలించారు. ఎదురుచూసిన ఓడ ఎక్కనే లేదు.

మద్రాసు నగరంలో 1839లో ఆయనకు గుర్రంపై కూర్చున్న పెద్ద కంచు విగ్రహం నెలకొల్పారు. కరువుసీమలో మాత్రం స్మారకం మరోవిధంగా సాగింది. గుత్తిలో బాటసారులకోసం ఆయన పేరిట సత్రం వెలసింది. పత్తికొండలో తోపు నాటించి, దాహం తీర్చే రాతిమెట్ల బావి తవ్వించారు. ఇక గండి విషయానికి వస్తే, ఏటా శ్రావణ శనివారాల్లో స్వామి దర్శనానికి వచ్చే వేలాది భక్తులు పాపఘ్నిలో కాళ్ళు కడుక్కుని, గుడిమెట్లు ఎక్కేముందు ఒక్కసారి తలెత్తి ఆ రెండు కొండల నడుమకు చూస్తారు. ఏమీ కనిపించకపోతే నవ్వుకుని, చేతులు జోడించి లోపలికి వెళతారు.