పాత లేత్‌కు కొత్త రంగు

సముద్రపు గాలి తగిలే మామిడికుదురు వంటి ఊళ్లలో ఇనుమునకు తొలి శత్రువు తుప్పు. ఇంట పాత లేత్‌ను బాగుచేయదలచిన వారు రంగు కన్న ముందు బెడ్‌ను పరిశీలించాలి. 1800 ప్రాంతంలో ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే నిర్మించిన మరమేకులు కోసే లేత్ నుండి నేటి వరకు, పనితనమంతా క్యారేజి సూటిగా జరగడంలోనే ఉంది. బెడ్ అరిగితే కడ్డీ ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వస్తుంది.

కనుక బెడ్ మీది తుప్పును నిప్పుకు దూరంగా, కిరోసిన్‌తో నానబెట్టి తుడవాలి. ఎమరీతో గట్టిగా రుద్దరాదు. పాత రంగులో సీసం ఉండవచ్చును. పొడిగా గీకితే లేచే ధూళి పసిపిల్లల మెదడుకు హానికరం. అందుచేత ముక్కుకు మాస్కు ధరించి, తడిపి గీకి, వెంటనే ఆరబెట్టాలి. పిమ్మట రెడ్ ఆక్సైడ్, దానిపై పలుచగా రెండు పూతలు ఎనామెల్ వేయాలి. బెడ్‌కు మాత్రం రంగు తగలనీయక నూనె పూయాలి.

విద్యార్థులారా! యంత్రానికి రంగు అందమిస్తుంది. విలువ నిచ్చేది సూటిదనమే.