నీలం కోసం ముప్పై ఏళ్లు

మాడిపోయిన ఎల్ఈడీ బల్బు పైనున్న తెల్లటి ప్లాస్టిక్ మూత ఊడదీస్తే, లోపల అల్యూమినియం బిళ్ల మీద చిన్న చిన్న పసుపు చదరాలు కనిపిస్తాయి. ఆ పసుపు పూత కింద చిప్ ఇచ్చేది నీలి వెలుతురు. అందులో కొంత పూతలో పసుపుగా మారి, మిగిలిన నీలంతో కలిసి మన కంటికి తెల్లగా తోస్తుంది.

ఎర్రటి ఎల్ఈడీని అమెరికాలో నిక్ హోలోన్యాక్ 1962లోనే వెలిగించి చూపారు. దేదీప్యమానమైన నీలానికి మాత్రం 1993 దాకా ఆగాల్సి వచ్చింది. గాలియం నైట్రైడ్ నీలాన్ని ఇవ్వగలదని అందరికీ తెలుసు, మంచి స్ఫటికమే కుదరలేదు. దాన్ని సఫైర్ పలక మీద పెంచాలి. రెండింటి పరమాణువుల అమరికలో దాదాపు 16 శాతం తేడా. కొలతలు కలవని ఇటుకల మీద గోడ లేపినట్టే. చాలామంది విసిగి జింక్ సెలెనైడ్ వైపు మళ్లారు.

జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో ఇసాము అకసాకి, ఆయన శిష్యుడు హిరోషి అమానో మాత్రం పట్టు వదల్లేదు. సఫైర్ మీద ముందుగా, తక్కువ వేడిలో, అల్యూమినియం నైట్రైడ్ పొర పలుచగా పరిచారు. 1986లో దాని మీద నాణ్యమైన స్ఫటికం పెరిగింది.

అప్పుడు అసలు చిక్కు ఎదురైంది. ఎల్ఈడీకి ఎలక్ట్రాన్లు ఎక్కువున్న పొర ఒకటి, వాటి లోటున్న పొర ఒకటి కావాలి. లోటు కోసం మెగ్నీషియం కలిపితే ఫలితం ఉండేది కాదు. అంతకుముందు జింక్ కలిపిన నమూనాను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పరీక్షిస్తుండగా, చూసేకొద్దీ అది మరింత మెరవడం అమానో కంటబడింది. 1989లో మెగ్నీషియం పొర మీదా ఎలక్ట్రాన్ పుంజం పంపారు. పొర దారికొచ్చింది! ఎందుకో తేల్చింది తొకుషిమాలోని నిచియా కంపెనీ ఇంజినీరు షుజి నకమురా. తయారీలో చొరబడ్డ హైడ్రోజన్ మెగ్నీషియాన్ని అంటిపెట్టుకుని దాని పని దాన్ని చేయనివ్వడం లేదు. నైట్రోజన్‌లో వేడి చేస్తే చాలు, హైడ్రోజన్ వదిలిపోతుంది. ఈ కథలో నా మనసు దోచిన ఘట్టం ఇదే. ఎలక్ట్రాన్ పుంజం అక్కర్లేదని తేలాకే నీలం ఫ్యాక్టరీకి చేరువైంది.

ముగ్గురికీ కలిపి భౌతికశాస్త్ర నోబెల్‌ను 2014 అక్టోబరు 7న ప్రకటించారు. మరో ఐదు రోజులకు హుద్‌హుద్ తుపాను విశాఖ వీధి దీపాలను నేలకూల్చింది. తర్వాత నగరమంతటా వెలిసినవి ఎల్ఈడీలే. నోబెల్ కమిటీ లెక్కలో పాత బల్బు వాట్‌కు 16 ల్యూమెన్ల వెలుగిస్తే, ట్యూబ్‌లైటు సుమారు 70 ఇస్తుంది. ఎల్ఈడీ రికార్డు అప్పటికే 300.

అయినా పని మిగిలే ఉంది. నీలాన్ని పసుపుగా మార్చేటప్పుడు కొంత శక్తి వేడిగా పోతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చిప్‌లనే నేరుగా కలిపితే ఆ నష్టం తప్పుతుంది. అయితే ఆకుపచ్చ కోసం గాలియం నైట్రైడ్‌లో కలిపే ఇండియం పాళ్లు పెంచేకొద్దీ స్ఫటికం చెడి, సామర్థ్యం పడిపోతోంది. ఈ లోటు తీర్చగలవని పెరోవ్‌స్కైట్లనే మరో రకం స్ఫటిక పదార్థాలపై ఆశ పెట్టుకున్నారు. ద్రావణంలా పూసి ఆరబెడితే పొర తయారవుతుంది కాబట్టి ఖర్చూ తక్కువే. 2014లో కేంబ్రిడ్జ్ బృందం వాటితో గది వేడిమిలోనే ఎల్ఈడీలు వెలిగించింది. కాకపోతే కరెంటు పారేకొద్దీ లోపలి అయాన్లు చోటు మారి వెలుగు తగ్గిపోతోంది. మేలైన రకాల్లో సీసం ఉండటం మరో బెడద. ప్రయోగశాలలో ఎంత బాగా మెరిసినా, ఏళ్ల తరబడి వెలిగి చూపేదాకా వీటిని గాలియం నైట్రైడ్ సరసన నిలపలేను.