కళకు కీర్తి గలదు, కూలి యేది?

చీరాల పట్టణమునకు రెండు ప్రఖ్యాతులు గలవు. 1921లో పురపాలక సంఘపు పన్నుభారమును సహింపక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు ఇండ్లువాకిళ్ళు విడిచి, రామనగరమున పాకలు వేసికొని నెలల తరబడి కాపుర ముండుట మొదటిది. తేలియా రుమాలు రెండవది. మొదటి దానిని మన బిడ్డలు పాఠములలో చదువుకొనుచున్నారు. రెండవ దానిని నేయు చేతులు నేడు చీరాలలో కానవచ్చుట అరుదు. దీనికి కారణ మేమి?

ఆ రుమాలు ఊరక పుట్టునది కాదు. నూలును నూనెతోను, ఆముదపుకాయల బూడిదనీటితోను పలుమారులు తడిపి యెండబెట్టవలయును. పడుగునకును పేకకును వేర్వేరుగ చిటికి కట్టి, రంగులలో ముంచి, మగ్గముపై గీతకు గీత కలియునట్లు నేయవలయును. నూనెను బట్టియే దాని కా పేరు వచ్చినది. అరబ్బు దేశములవారు దానిని తలగుడ్డగా కోరి కొనిరి.

ఇక లెక్క చూతము. నేతగానికి మజూరి సాధారణముగ నేసిన బట్టను బట్టి ముట్టును. చిటికి కట్టిన దినములకును, కండెలు చుట్టిన ఇల్లాలి శ్రమకును వేరు పద్దు లేదు. ఇంతలో అదే నమూనాను అచ్చు గ్రుద్దిన చౌక రుమాళ్ళు బజారున కెక్కినవి. విదేశపు గిరాకియు సన్నగిల్లినది. వారములు పట్టు పనిని విడిచి, త్వరగా కూలి చేతికివచ్చు నేతకు సాలెవాడు మరలినచో అది వాని తప్పా?

విద్య మాత్రము నశింపలేదు. తెలంగాణములోని పుట్టపాకలో ఆ చిటికి నేత చీరలపైకిని, దుపట్టాలపైకిని ఎక్కి క్రొత్త కొనుగోలుదారులను సంపాదించుకొన్నది. ఆ గ్రామపు నేతకళాకారుడు గజం గోవర్ధనగారికి 2011లో పద్మశ్రీ లభించినది. 2020లో పుట్టపాక తేలియా రుమాలునకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. సంతోషమే. కాని ఆ గుర్తింపు ఊరిపేరును కాపాడునే గాని, మజూరిని నిర్ణయింపదు.

బట్ట కొనునపుడు మనము ధర నడుగుదుము. దానికి పట్టిన దినముల నడుగము. సహకార సంఘములు చిటికి పనికి ప్రత్యేకముగ మజూరి కట్టి, ఆ లెక్కను బట్టతోపాటు కొనువాని యెదుట నుంచవలయును. సంపన్న గృహస్థులు పెండ్లికో పండుగకో అట్టి బట్టను బేరమాడక కొనవలయును. సభలలో శాలువలు కప్పుటకన్న నిది మేలు. అన్యాయపు పన్నును గుర్తించి యిండ్లు విడిచిన చీరాలవారికి, అన్యాయపు కూలిని గుర్తించుట కష్టము కాదు.