ఇంటి చెప్పులకు మెత్తదనం ఒక్కటే చాలదు

బయటికి వేసుకెళ్లే బూట్ల కోసం మూడు దుకాణాలు తిరుగుతాం. రెండు మూడు వేలు పెట్టడానికీ వెనకాడం. ఇంట్లో వేసుకునే చెప్పుల దగ్గరికి వచ్చేసరికి బస్టాండు పక్కన బండి మీద పోసిన కుప్పలోంచి రంగు నచ్చిన జత ఏదో ఒకటి తెచ్చేసుకుంటాం. ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఉద్యోగానికి వెళ్లేవారు బూట్లతో ఉండేది ఎనిమిది, తొమ్మిది గంటలు. ఇల్లాలు వంటగదికీ హాలుకూ డాబాకూ మధ్య తిరిగేది పొద్దున అయిదింటి నుంచి రాత్రి పదింటి దాకా. రిటైరై ఇంట్లో ఉండే పెద్దలదీ దాదాపు అంతే. ఎక్కువసేపు కాలి కింద ఉండే చెప్పు గురించే మనం తక్కువ ఆలోచిస్తున్నాం.

కొల్లాపూర్, సోమశిల, పెంట్లవెల్లి వైపు నుంచి మడమ నొప్పితో ఓపీకి వచ్చే అమ్మలను నేను ముందుగా అడిగే ప్రశ్న ఒకటే. ‘ఇంట్లో ఏం చెప్పులు వేసుకుంటున్నారు?’ చాలామంది నవ్వేస్తారు. ‘ఇంట్ల చెప్పులేంది సారూ, దేవుడుండే ఇంట్ల!’ అంటారు. వేసుకుంటున్నామన్న వారిని ఆ చెప్పులు తీసి చూపించమంటే, చాలావరకు మడమ దగ్గర అట్టలా పలచబడి ఉంటాయి.

ఇంట్లో చెప్పులు వేసుకోకపోవడం మన పెద్దల అలవాటే. తప్పు పట్టడానికేమీ లేదు. కాకపోతే వాళ్లు నడిచింది అలికిన మట్టి నేల మీద. కాలు పెడితే ఆ నేల కాస్తయినా అణిగేది. తర్వాత తాండూరు బండలు, షాబాద్ బండలు వచ్చాయి. ఇప్పుడు మన పట్టణాల్లో ఏ కొత్త ఇంట్లో చూసినా టైల్స్, గ్రానైటే. అవి ఏమాత్రం అణగవు. పైగా నీళ్లు పడితే జారతాయి.

పొద్దున మొదటి అడుగే ఎందుకు నొప్పి?

మన మడమ ఎముక కింద దేవుడిచ్చిన దిండు ఒకటి ఉంటుంది. చిన్న చిన్న గదులుగా అమరిన కొవ్వు అది. అడుగు వేసినప్పుడు పడే బరువును ముందు అదే తీసుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ ఈ దిండు పలచబడుతుంది, సాగే గుణం తగ్గుతుంది. మడమ నుంచి వేళ్ల మొదలు దాకా అరికాలి వంపును పట్టి ఉంచే గట్టి పట్టీ మరొకటి ఉంది. దాన్ని ప్లాంటార్ ఫేషియా అంటాం. బరువు పెరిగినా, గంటల తరబడి గట్టి నేల మీద నిలబడినా ఈ పట్టీ మడమను అంటుకున్న చోట దెబ్బతింటుంది. రాత్రి పడుకున్నప్పుడు అది ముడుచుకుని ఉంటుంది. పొద్దున లేచి కాలు కింద పెట్టగానే ఒక్కసారిగా సాగుతుంది. అందుకే మొదటి నాలుగు అడుగులు ముల్లు గుచ్చినట్టు ఉండి, తిరుగుతుంటే కాస్త తగ్గుతుంది.

ఎక్స్‌రేలో మడమ దగ్గర ఎముక పొడుచుకొచ్చినట్టు కనిపిస్తే చాలామంది భయపడిపోతారు. ‘ఎముక పెరిగింది, ఆపరేషన్ చేయాలా?’ అని అడుగుతారు. ఏ నొప్పీ లేనివారి ఎక్స్‌రేల్లోనూ ఆ ఎముక కనిపిస్తుంది. నొప్పికి అసలు కారణం చాలావరకు ఆ పట్టీయే. పిక్కల కండరాన్నీ అరికాలినీ రోజూ సాగదీసే వ్యాయామాలు, బరువు తగ్గడం, సరైన చెప్పులు... వీటితోనే ఎక్కువమందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. ఈ మూడింటిలో ఇవాళే మార్చుకోగలిగింది చెప్పులే.

బొటనవేలితో నొక్కి చూస్తే తెలియదు

దుకాణంలో అందరం చేసే పని ఒకటుంది. చెప్పును చేత్తో పట్టుకుని బొటనవేలితో నొక్కుతాం. ‘అబ్బ, ఎంత మెత్తగా ఉందో’ అని కొనేస్తాం. కానీ దాని మీద పడేది బొటనవేలి బలం కాదు, అరవై డెబ్భై కిలోల మనిషి బరువు. మరీ మెత్తటి స్పాంజి ఆ బరువుకు పూర్తిగా అణిగిపోతుంది. అప్పుడు మడమ దాదాపు నేలకే తగులుతుంది. మెమొరీ ఫోమ్ పేరుతో అమ్మే కొన్ని చెప్పుల ఇబ్బంది ఇదే. కాలు పెట్టగానే హాయిగా ఉంటుంది. అరగంట వంటింట్లో నిలబడితే తేడా తెలుస్తుంది. మడమ ఒక పక్కకు ఒరిగిపోతుంటే చీలమండ దాన్ని నిలబెట్టడానికే అలసిపోతుంది.

మంచి సోల్ అణగాలి, మళ్లీ పైకి లేవాలి. తేలికగా ఉండే ఈవీఏ చెప్పుల్లో సన్నని గాలి బుడగలు ఉంటాయి. కొత్తలో బాగా పనిచేస్తాయి కానీ రోజూ బరువు పడేచోట కొన్ని నెలలకు ఆ బుడగలు నలిగి సోల్ అణిగిపోతుంది. పైన రంగు, పట్టీ బాగానే ఉన్నాయి కదా అని మనం మాత్రం ఏళ్ల తరబడి వాడుతూనే ఉంటాం. పీయూ సోల్ కాస్త బరువు, కానీ అణగకుండా ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే వేసుకోకుండా అటక మీద ఏళ్లపాటు దాచిపెడితే గాలిలోని తేమకు పొడిపొడిగా రాలిపోతుంది. ‘అమెరికా నుంచి అబ్బాయి తెచ్చిన చెప్పులు, ఒక్కసారి కూడా వేసుకోలేదు, ముక్కలైపోయాయి’ అనే ఫిర్యాదుకు కారణం ఇదే. ఇక పీవీసీ చెప్పులు చవక, కడగడం తేలిక. అంతకుమించి వాటితో మడమకు ఒరిగేదేమీ లేదు.

మడమ ఎత్తు గురించీ ఒక మాట. పూర్తిగా చదునుగా ఉన్న సోల్ కంటే, వేళ్ల కింద ఒక సెంటీమీటరు ఉంటే మడమ కింద రెండు సెంటీమీటర్ల దాకా ఉన్నది మడమ నొప్పి ఉన్నవారికి హాయిగా ఉంటుంది. ఆ కాస్త ఎత్తుకే పిక్క కండరం, అరికాలి పట్టీ కొంచెం వదులవుతాయి. అంతకంటే ఎత్తు పెంచితే బరువంతా వేళ్ల మొదళ్ల మీదికి వెళ్లిపోతుంది. చెప్పు వెనకభాగం మన మడమ కంటే కాస్త వెడల్పుగా, గిన్నెలా కొద్దిగా లోతుగా ఉంటే ఇంకా మంచిది. మడమ కొవ్వు పక్కలకు జారిపోకుండా ఆ గిన్నె పట్టి ఉంచుతుంది.

స్పర్శ తెలియని కాలికి

ఇప్పటిదాకా చెప్పింది నొప్పి ఉన్నవారి సంగతి. నన్ను ఎక్కువగా భయపెట్టేది నొప్పి తెలియనివారు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. ఏళ్ల తరబడి షుగర్ అదుపులో లేకపోతే పాదాల నరాలు దెబ్బతింటాయి. మొదట తిమ్మిర్లు, మంటలు. తర్వాత అవీ తగ్గిపోతాయి. ‘ఇప్పుడు నయంగా ఉంది సారూ’ అంటారు. అది నయం కావడం కాదు, స్పర్శ పోవడం.

షుగర్ ఉన్న ఒక పెద్దావిడ కాలికి చిన్న పుండుతో వచ్చారు. ఎలా అయ్యిందో ఆమెకు తెలియదు. చెప్పు తిప్పి చూస్తే లోపల కమ్మ శీల దిగబడి ఉంది. రెండు రోజులుగా దాని మీదే నడిచారట. కమ్మ శీల పోయిందని ఇల్లంతా వెతికారు కూడా.

మేకు గుచ్చుకుంటేనే పుండు పడుతుందనుకోకండి. ఈ సంగతి ప్రపంచానికి బాగా తెలిసింది మన పక్కనున్న వేలూరు నుంచే. 1946లో వేలూరు సీఎంసీలో చేరిన సర్జన్ డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల మీద పనిచేశారు. ఆ జబ్బులో వేళ్లు, పాదాలు వాటంతట అవే రాలిపోతాయని అప్పట్లో అందరూ అనుకునేవారు. కాదని, స్పర్శ లేకపోవడం వల్ల తగిలే గాయాలే అసలు శత్రువని ఆయన చూపించారు. ఒకే చోట మామూలు ఒత్తిడి వేలసార్లు పడినా చాలు, లోపల కండ నలిగి పుండవుతుంది. నొప్పి తెలిసిన మనిషి తనకు తెలియకుండానే అడుగు మార్చి వేస్తాడు. తెలియని మనిషి అలాగే నడుస్తూ పోతాడు.

ఆ రోగుల కోసమే మన దేశంలో ఎంసీఆర్ చెప్పులు వాడుకలోకి వచ్చాయి. ఎంసీఆర్ అంటే మైక్రో సెల్యులర్ రబ్బరు. రబ్బరు గట్టిదనాన్ని కొలిచే షోర్ కొలతలో ఇది 15 దగ్గర ఉంటుంది. అంటే మన కండ అణిగినట్టే అణుగుతుంది, మళ్లీ లేస్తుంది. దాని కింద ముల్లు దిగకుండా గట్టి రబ్బరు అట్ట ఉంటుంది. మేకులు కొట్టరు. మడమ వెనక పట్టీ ఉంటుంది. కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కింద స్పర్శ పోయిన రోగులకు ప్రభుత్వం ఈ చెప్పుల్నే ఉచితంగా ఇస్తోంది. షుగర్ రోగి పాదానికి కావలసిందీ అదే. కానీ ‘అవి ఆ జబ్బువాళ్లు వేసుకునేవి కదా’ అని మొహం తిప్పుకునేవారిని ఇప్పటికీ చూస్తున్నాను. ఇప్పుడు ఆ రబ్బరుతోనే మామూలు చెప్పుల్లా కనిపించే రంగుల్లో, డిజైన్లలో దొరుకుతున్నాయి.

మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దలకు స్పర్శ ఉందో లేదో ఇంట్లోనే ఒక అంచనాకు రావచ్చు. కళ్లు మూసుకోమని చెప్పండి. రెండు కాళ్లకూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేలు కొసలను మీ చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు తేలికగా తాకండి, నొక్కొద్దు. తాకినప్పుడల్లా ఏ కాలో చెప్పమనండి. ఆరింటిలో రెండుగానీ అంతకుమించిగానీ తెలియకపోతే పాదాల పరీక్షకు తీసుకురండి. ప్రభుత్వ ఆసుపత్రుల ఎన్‌సీడీ క్లినిక్‌లో షుగర్ చూపించుకునే రోజే ఆ పనీ అయిపోతుంది.

అలాంటివారు ఇంట్లోనూ ఉత్త కాళ్లతో తిరగకూడదు. పలచటి సోల్ స్లిప్పర్లు కూడా వద్దు. వేలిసందు పట్టీ ఉండే హవాయి చెప్పులు వారికి పనికిరావు. ఆ పట్టీ ఒరుసుకుని వేళ్ల మధ్య పుండు పడుతుంది. పైగా చెప్పు జారిపోయినా తెలియక అలాగే నడిచి వెళ్లేవారున్నారు. ఇక బుడిపెలు బుడిపెలుగా ఉండే ఆక్యుప్రెషర్ చెప్పులను పిల్లలు ప్రేమగా కొనిస్తుంటారు. స్పర్శ లేని కాలికి ఆ బుడిపెల్లో ఒక్కొక్కటీ ఒక పుండే. దయచేసి కొనివ్వకండి.

సోమశిల మెట్ల మీద

సోమశిలలో కృష్ణ ఒడ్డున స్నానం చేసి లలితా సోమేశ్వరుణ్ణి దర్శించుకోవడం, అక్కడి నుంచి లాంచీలో శ్రీశైలం వెళ్లడం మన జిల్లాల కుటుంబాలకు ఇష్టమైన యాత్ర. ఎండాకాలం మధ్యాహ్నం ఘాట్ మెట్లు, గుడి చుట్టూ బండలు పెనంలా కాలుతాయి. మనం ఎగురుకుంటూ పరుగెత్తి నీడకు వెళతాం. స్పర్శ లేనివారు నింపాదిగా ప్రదక్షిణ పూర్తి చేస్తారు. సాయంత్రం ఇంటికి వెళ్లాక అరికాళ్ల నిండా బొబ్బలు! ఇలాంటి కాళ్లు ఏటా వేసవిలో చూస్తూనే ఉంటాం. బొబ్బ మానకుండా లోపల చీము చేరితే వేలు, ఒక్కోసారి పాదం తీసేయాల్సి వస్తుంది.

గుడికి వెళ్లొద్దని ఏ డాక్టరూ చెప్పడు. ఎండ ఎక్కకముందే వెళ్లి రండి. తడి పట్టాలు, చాపలు పరిచిన దారిలోనే నడవండి. మెట్ల దగ్గరి వరకు చెప్పులతోనే వెళ్లండి. వచ్చాక ఇంట్లో ఎవరైనా అరికాళ్లు చూడాలి. అయ్యప్ప, శివ దీక్షల్లో చెప్పులు వేసుకోరు. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవారు మాల వేసుకునే ముందే గురుస్వామికి విషయం చెప్పండి. అర్థం చేసుకునేవారే ఎక్కువ.

ఇంట్లో దేవుడి సంగతి అంటారా? ఇంటి లోపలికి మాత్రమే ఒక జత విడిగా పెట్టుకోండి. అవి గడప దాటవు, బాత్రూమ్‌కు వెళ్లవు. పూజగది ముందు విప్పి, లోపల మెత్తటి చాప మీద కూర్చోండి. ఇలా చెబితే ఒప్పుకోని అత్తగారిని నేనింతవరకు చూడలేదు.

నాయనమ్మకు వేరే చెప్పులు

ఒకే రకం నాలుగు జతలు కొని ఇంటిల్లిపాదికీ పంచడం మనకు అలవాటు. మడమ నొప్పి ఉన్న నలభై ఏళ్ల అమ్మకు దళసరి మెత్తటి సోల్ హాయినిస్తుంది. అదే సోల్ డెబ్భై అయిదేళ్ల నాయనమ్మను పడేయవచ్చు. కాలి కింద నేల ఎలా ఉందో పాదం ఎప్పటికప్పుడు మెదడుకు చెబుతుంటుంది. సోల్ మరీ దళసరిగా, మరీ మెత్తగా ఉంటే ఆ సమాచారం సరిగా అందదు. పెద్దలకు సోల్ పలచగా, కాస్త గట్టిగా, మడమ ఎత్తు తక్కువగా, వెడల్పుగా ఉండాలి. స్పర్శ పోయిన షుగర్ పెద్దలకు మాత్రం పలచటిది కుదరదు కాబట్టి, వారికి ఎంసీఆర్ లాంటి సోల్‌నే వెడల్పాటి అడుగుతో, వెనక పట్టీతో ఎంచుకోవాలి. పట్టీ లేని చెప్పును పట్టి ఉంచడానికి వేళ్లు ముడుచుకుని కాళ్లు ఈడుస్తూ నడుస్తారు. గడప దగ్గర తట్టుకునేది అలాగే. తడి గ్రానైట్ మీద జారి తుంటి విరిగితే ఆ వయసులో మంచం దిగడమే కష్టం.

కొనడానికి సాయంత్రం పూట వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. పాదం కాగితం మీద పెట్టి గీసుకుని ఆ కాగితాన్ని చెప్పు మీద పెట్టి చూస్తే వెడల్పు సరిపోతుందో లేదో తెలిసిపోతుంది. చెన్నైలోని సీఎల్ఆర్ఐ శాస్త్రవేత్తలు లక్షమందికి పైగా భారతీయుల పాదాలు కొలిచి, మన పాదాలు యూరప్, అమెరికా వారి పాదాల కంటే వెడల్పని తేల్చారు. విదేశీ నంబర్ల చెప్పు పొడవు సరిపోయినా పక్కల నొక్కేది అందుకే. రెండు చెప్పులూ వేసుకుని దుకాణంలోనే అయిదు నిమిషాలు నిలబడండి. సోల్‌ను వంచితే వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి, మధ్యలో మడత పడకూడదు. పెట్టె మీద ‘ఆర్థో’, ‘డాక్టర్’ అని రాసి ఉన్నంతమాత్రాన సోల్ మంచిదైపోదు. ఇవన్నీ వాటికీ చూడాల్సిందే.

పాత చెప్పులను బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి. ఒక పక్కకు ఒరిగినా, మడమ దగ్గర గుంట పడి మళ్లీ లేవకపోయినా, అడుగున గీతలు అరిగి నున్నగా అయినా వాటి పని అయిపోయినట్టే. చెప్పులు మార్చి, వ్యాయామాలు చేసినా ఆరు వారాల్లో మడమ నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి. కుర్రవాళ్లకు రెండు మడమలూ నొప్పిగా ఉండి, పొద్దున లేవగానే నడుము కూడా బిగుసుకుపోతుంటే అది చెప్పుల సమస్య కాకపోవచ్చు, వెన్నెముక కీళ్లవాతానికి పరీక్షలు కావాలి. షుగర్ ఉన్నవారికి పాదం ఒక్కసారిగా ఎర్రగా, వేడిగా ఉబ్బినా, ఆనెకాయ కింద నల్లగా కనిపించినా, ఏ పుండు పడినా, నొప్పి లేదు కదా అని ఆగకుండా ఆ రోజే రావాలి.