ఇల్లు ఖాళీ అయింది సరే... ఎవరు చేసినట్టు?

వేరే ఊళ్లో జాబ్ వచ్చి మనమే తాళంచెవి ఓనర్ చేతికిచ్చి వెళ్లినా ‘ఖాళీ చేశారు’ అంటాం. వరదొస్తోందని మైకులో చెప్పి ఊరిని తరలిస్తే ‘ఖాళీ చేయించారు’. అద్దె కట్టలేదని గెంటేసినా అదే మాట. ఇంగ్లీషులో మాత్రం వీటికి మూడు వెర్బ్‌లున్నాయి. వెకేట్, ఎవాక్యుయేట్, ఎవిక్ట్. ఒకదాని బదులు ఇంకోటి రాస్తే కథే మారిపోతుంది!

వెకేట్ చేసేది అందులో ఉన్నవాళ్లే. హాస్టల్ రూమ్ మనమే వెకేట్ చేస్తాం. ‘ఖాళీగా ఉండటం’ అనే లాటిన్ మాట నుంచి పుట్టింది. వేకెన్సీ, వెకేషన్ దీనికి చుట్టాలు.

ఎవాక్యుయేట్ అంటే ప్రమాదం నుంచి తప్పించడం. ఇందులో ఉన్నది వాక్యూమ్‌లోని ‘శూన్యమే’. మొదట్లో ఇది వైద్యుల మాట, కడుపు ఖాళీ చేయించడమని అర్థం. తర్వాత ఊళ్లకీ మనుషులకీ వాడటం మొదలైంది. ప్రాణహిత పొంగినప్పుడు ఒడ్డున ఉన్న పల్లెల్ని ఎవాక్యుయేట్ చేస్తారు. నీళ్లు తగ్గాక జనం మళ్లీ ఇంటికొస్తారు.

ఎవిక్ట్ పుట్టుకే వేరు. దీని లాటిన్ మూలంలో ఉన్నది ‘గెలవడం’. విక్టరీ, కన్విక్ట్ కూడా ఆ ఇంటివే. చట్టబలంతో గెలిచి అవతలివాళ్లను బయటికి పంపడమే ఎవిక్ట్. అంటే ఇందులో ఓడినవాళ్లూ ఉంటారు.

మన ‘ఖాళీ’ అరబీ నుంచి వచ్చింది. దానికి సరిగ్గా ఎదురుమాట ఆసిఫాబాద్ పేరులోనే ఉంది. ఫార్సీలో ‘ఆబాద్’ అంటే మనుషులు కాపురముండే చోటు. ‘జల్ జంగల్ జమీన్’ కోసం కుమురం భీం పోరాడిన ఈ నేల మీద ఎవిక్ట్ అనే మాట చాలా బరువైనది. హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా ఆదివాసీలను వాళ్ల సాగులో, నివాసంలో ఉన్న అటవీ భూమి నుంచి ఎవిక్ట్ చేయకూడదని 2006 అటవీ హక్కుల చట్టం చెబుతోంది. చట్టంలో ఉన్నది అక్షరాలా ఆ వెర్బే.

2019 జూన్‌లో ఇదే జిల్లా కొలాంగొంది నుంచి తరలించిన 67 మంది ఆదివాసీలను కాగజ్‌నగర్ దగ్గర వేంపల్లి టింబర్ డిపోలో ఉంచారు. విషయం హైకోర్టుకెళ్లింది. వాళ్లను అక్కడి నుంచి బయటికి తెచ్చి వసతి కల్పించాలని కోర్టు ఆదేశించింది. దీన్ని ‘ఊరు ఖాళీ అయింది’ అని రాస్తే ఎవరికేం అర్థమవుతుంది?

అందుకే ఈసారి ఇలాంటి వార్త కనిపిస్తే రెండు ప్రశ్నలు వేసుకోండి. వెళ్లాలని నిర్ణయించింది ఎవరు? మళ్లీ తిరిగి రావచ్చా? నోటీసులో మర్యాదగా ‘వెకేట్’ అని ఉన్నా సరే, వెళ్లకపోతే బలవంతంగా పంపేస్తామంటే అది ఎవిక్టే. అప్పుడు అడగాల్సిన మూడో ప్రశ్న, ‘ఏ చట్టం కింద?’