మాటరాని మొర

బాలుడొకడు తలను గోడకు మోదుకొనుచున్నాడు. వేఱొక యింట బాలిక దగ్గఱకు వచ్చినవారి నెల్ల కఱచుచున్నది. ఇట్టివి కంటబడినప్పుడు మనలో పెక్కురు పలుకు మాటలు రెండే: ఒకటి “పొగరు”, రెండవది “గ్రహచారము”. మొదటిది బెత్తమునకు, రెండవది తాయెత్తునకు దారితీయును. మూడవ దారి గలదని శాస్త్రజ్ఞులు నలువదియేండ్లకు పూర్వమే చూపిరి. ఆ సంగతి మన గృహములలో ననేకముల కింకను చేరకుండుట శోచనీయము.

ఆటిజమనబడు స్థితిని 1943లో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి వర్ణించెను. తల్లి ప్రేమ కొఱవడుటచేతనే బిడ్డ యిట్లగునని కొందఱు వైద్యులే చిరకాలము పలికి, కన్నతల్లులపై నిందమోపిరి. 1977లో ఫోల్‌స్టీన్, రట్టరులు కవలపిల్లలపై జరిపిన పరిశోధన పెంపకముకంటె పుట్టుకయే దీనికి ముఖ్యకారణమని సూచించెను. తల్లిపై మోపిన నింద క్రమముగా సడలినది. బిడ్డపై మోపిన నింద మాత్రము నిలిచియున్నది.

1982లో బాల్టిమోరు నగరమున బ్రయన్ ఇవాటాయు, ఆయన సహచరులును తమ్ము తామే గాయపఱచుకొను 9 మందిని వేర్వేఱు పరిస్థితులలో నుంచి చూచిరి. ఒకప్పుడు పని చెప్పిరి. ఒకప్పుడు ఒంటరిగా విడిచిరి. ఒకప్పుడు గాయపఱచుకొనినంతనే పలుకరించిరి. ఆఱుగురి విషయమున నా చేష్ట యేదో యొకానొక పరిస్థితియందే హెచ్చుచుండెను. చేష్ట యొక్కటియే, కారణములు వేఱు. ఒకడు పనినుండి తప్పించుకొన గోరును, ఒకడు పలుకరింపు గోరును.

1985లో కార్, డ్యురాండు అను పండితులు మఱియొక యడుగు ముందునకు వేసిరి. పాఠము కఠినమైనప్పుడు అల్లరిచేయు పిల్లలకు సహాయమడుగు మాటను, ఆదరము తగ్గినప్పుడు అల్లరిచేయువారికి మెప్పు కోరు మాటను నేర్పిరి. అల్లరి తగ్గెను. కారణముతో పొత్తులేని మాట నేర్పినప్పుడు ఫలము లేకపోయెను. అల్లరియే వారి భాషయని దీనివలన స్పష్టము కాలేదా? నోట మాటరానివారికి సైగలను, బొమ్మలను నేర్పవచ్చును.

కావున గృహస్థులు చేయదగినది యిది. పంటినొప్పియో, చెవిపోటో యున్నదేమో ముందుగా వైద్యునిచే చూపింపవలయును. పిదప, చేష్టకు ముందేమి జరిగినది, తరువాత బిడ్డకేమి లభించినది యని కొన్నిదినములు వ్రాసికొనవలయును. దండనము నొరు మూయించునేకాని మొరను తీర్పదు.

మన ప్రభుత్వము 1999 నాటి చట్టమునందును, 21 వైకల్యములను పేర్కొనిన 2016 నాటి చట్టమునందును ఆటిజమునకు స్థానమిచ్చినది. 1984లో సికిందరాబాదున నెలకొల్పబడిన జాతీయసంస్థ బుద్ధివైకల్యముగలవారికి బోధించు ఉపాధ్యాయులను తయారుచేయుచున్నది. కాని మాఱుమూల పల్లెలోని తల్లికి సికిందరాబాదు దూరము. ఇట్టి శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు ప్రతి మండలమునకును చేరిననాడే చట్టము సార్థకమగును. అందులకై ప్రభుత్వమును నిలదీయుట పౌరుల విధి.

పైరు వాడినచో రైతు దానిని కొట్టడు. నీరు చాలదో, పురుగు పట్టెనో యని మొదలు త్రవ్వి చూచును. పైరునకు చూపు నేర్పును బిడ్డకు చూపలేమా?