కన్సోల్‌ని గెలిపించేది రేటా, గేమా? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లెక్క కాస్త వేరు

సోనీ పీఎస్5 ఇండియాలోకి 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. డిస్క్ మోడల్ రేటు రూ. 49,990. అంతకు మూడు నెలల ముందే, 2020 నవంబర్ 10న, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌ని రూ. 34,990కే దింపింది. తేడా 15 వేలు. రేటే అంతా తేల్చేస్తే సిరీస్ ఎస్ కోసం జనం ఎగబడాలి కదా? కానీ జనవరి 12న పీఎస్5 ప్రీ ఆర్డర్లు ఓపెన్ చేస్తే నిమిషాల్లో స్టాక్ ఖాళీ. 2022 నవంబర్‌లో అదే డిస్క్ మోడల్ రూ. 54,990 అయింది. పాతబడే కొద్దీ రేటు తగ్గాల్సిన వస్తువు పెరిగింది, అయినా ప్రపంచవ్యాప్తంగా ఎక్స్‌బాక్స్ కంటే ముందే ఉంది.

అయితే రేటు లెక్కలోకి రాదా? వస్తుంది, బాగానే వస్తుంది. అది ఎక్కడ పని చేస్తుందో తెలియాలంటే నింటెండోని చూడాలి. 2012లో వచ్చిన వీ యూ బేసిక్ మోడల్ అమెరికాలో 299.99 డాలర్లు. 2017లో వచ్చిన స్విచ్ కూడా సరిగ్గా 299.99 డాలర్లే. కంపెనీ అదే, మారియో అదే, రేటూ అదే. వీ యూ దాదాపు 1.36 కోట్ల దగ్గర ఆగిపోయింది, స్విచ్ 15 కోట్లు దాటింది. వీ యూ అంటే కొత్త కన్సోలా, పాత వీకి యాక్సెసరీయా అన్నదే చాలామందికి అర్థం కాలేదు. స్విచ్ సంగతి ఒక్క ఫొటో చూస్తే అర్థమైపోతుంది: టీవీకి పెట్టి ఆడొచ్చు, చేత్తో పట్టుకుని బస్సులోనూ ఆడొచ్చు.

రివర్స్ కేసులూ ఉన్నాయి. 2006లో పీఎస్3 పెద్ద మోడల్‌ని 599 డాలర్లకు పెట్టి సోనీ చేతులు కాల్చుకుంది. 2009లో స్లిమ్ మోడల్‌ని 299కి తెచ్చాకే బండి గాడిలో పడింది. నింటెండో 3డీఎస్ కూడా 2011 మార్చిలో అమెరికాలో 249.99కి వచ్చి, ఆగస్టుకల్లా 169.99కి దిగాల్సి వచ్చింది. నా లెక్కలో రేటు గేటు లాంటిది. గేటు మూసి ఉంటే లోపల ఎంత మంచి గేమ్ ఉన్నా ఎవరూ రారు. తెరిచి ఉన్నంత మాత్రాన కూడా రారు.

మన దగ్గర ఆ గేటు ఎత్తు వేరు. హైవే 65 మీద సూర్యాపేట, కోదాడ, ఇటు మిల్లుల ఊరు మిర్యాలగూడ, ఎక్కడైనా ముందు తరానికి ‘టీవీ గేమ్’ అంటే నింటెండో ఫ్యామికామ్‌కి కాపీ. అసలుది 1983లో జపాన్‌లో వచ్చింది. మనకు చేరింది పేరు తెలియని కంపెనీల డబ్బా, పసుపు రంగు క్యాసెట్లు. రేటు తక్కువ కాబట్టే ఇంట్లోకి వచ్చింది నిజమే. కానీ కాంట్రా, మారియో లేకపోతే దాన్ని వారం రోజుల్లో అటక మీద పడేసేవాళ్ళు. ఒరిజినల్ కన్సోల్ రాకముందే ఒరిజినల్ గేమ్ మనల్ని పట్టేసిందన్నమాట.

తర్వాత పీఎస్2. పీఎస్3 వచ్చి మూడేళ్ళయ్యాక, 2009లో కూడా ఇండియా కోసం పీఎస్2కే గేమ్ చేయించింది సోనీ. అదే ‘హనుమాన్: బాయ్ వారియర్’, చేసింది మన హైదరాబాద్ స్టూడియో అరోనా టెక్నాలజీస్. రివ్యూలు మాత్రం ఘోరంగా వచ్చాయి. మన కథ పెట్టినంత మాత్రాన ఆకర్షణ రాదు, చేతిలో ఆడుతుంటే మజా రావాలి. స్పైడర్ మ్యాన్‌కి ఆ మజా ఉంది, పైగా తెలుగు డబ్బింగ్‌లో చూసిన హీరో.

ఇక అసలు పోటీ. 2016 సెప్టెంబర్‌లో జియో, 2018లో పబ్‌జీ మొబైల్. ఫోన్ ఎలాగూ జేబులో ఉంది, గేమ్ ఫ్రీ. కన్సోల్‌కి 50 వేలు, ఫోన్‌లో ఆడటానికి అదనంగా సున్నా. 2020 సెప్టెంబర్‌లో పబ్‌జీ బ్యాన్ అయితే జనం కన్సోల్‌కి మారిపోలేదు, 2021 జూలైలో బీజీఎంఐ రాగానే అక్కడికే తిరిగెళ్ళారు. ఎందుకంటే ఫ్రెండ్స్ అంతా అక్కడే ఉన్నారు. చిన్న ఊళ్ళో ఆకర్షణ అంటే గ్రాఫిక్స్ కన్నా ముందు ‘మావోళ్ళు ఏం ఆడుతున్నారు’ అన్నదే.

కొనేవాళ్ళు ఇంకో లెక్క చూడాలి. బాక్స్ మీద రేటు వేరు, చివరికి అయ్యే ఖర్చు వేరు. పీఎస్5 డిజిటల్ మోడల్ లాంచ్ రేటు రూ. 39,990, డిస్క్ కంటే 10 వేలు తక్కువ. కానీ సోనీ పెద్ద గేమ్ ఒక్కోటి రూ. 4,999. డిస్క్ కొని, ఆడేశాక 3 వేలకు అమ్మారనుకోండి, ఖర్చు 2 వేలు. నాలుగు గేమ్స్‌తో ఆ 10 వేల తేడా తీరిపోయి ఇంకా మిగులుతుంది. పక్కవీధి ఫ్రెండ్‌తో మార్చుకుంటే ఇంకా లాభం. సిరీస్ ఎస్‌కి అసలు డిస్క్ డ్రైవే లేదు, అన్నీ డౌన్‌లోడే. 100 జీబీ గేమ్‌కి రోజుకు 2 జీబీ మొబైల్ ప్యాక్ అంటే 50 రోజుల కోటా. ఇంటికి ఫైబర్ ఉంటే ఓకే, లేకపోతే ఆ 15 వేల ఆదా కాగితం మీదే. (2019 జనవరి 1న కన్సోళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంత తగ్గాక కూడా ఈ రేట్లు!)

అమెరికా నుంచి వచ్చే అన్నయ్యతో తెప్పించుకుందామనుకుంటే రెండు విషయాలు. పీఎస్5 మన 230 వోల్ట్ కరెంట్‌కి పనిచేస్తుంది, డిస్కులకు రీజియన్ లాక్ లేదు. కానీ అమెరికా డిస్కుకి ఇండియా అకౌంట్‌లో కొన్న డీఎల్‌సీ సాధారణంగా కలవదు. వారంటీ కూడా ఏ దేశంలో కొంటే ఆ దేశానిదే, పాడైతే హైదరాబాద్ తీసుకెళ్ళినా ఫ్రీగా చేయరు.

నన్నడిగితే, వీకెండ్‌లో నలుగురు కూర్చుని క్రికెట్, ఫుట్‌బాల్, డబ్ల్యూడబ్ల్యూఈ ఆడే ఇల్లయితే డిస్క్ పీఎస్5 తీసుకోండి. పైన చెప్పినవి లాంచ్ రేట్లు, కొనే రోజు మళ్ళీ చెక్ చేసుకోండి. మీ గ్యాంగ్ మొత్తం బీజీఎంఐలోనే ఉంటే ఆ డబ్బు మంచి ఫోన్ మీద పెట్టడమే బెటర్, మీ బీజీఎంఐ ఐడీ ఏ కన్సోల్‌లోనూ ఓపెన్ కాదు.